మొగలి ఆకు లెక్క ముందు తేల్చండి



నానోసెల్యులోజ్ వచ్చేస్తోందని, పంట చెత్త ఇక బంగారమేనని ఈమధ్య తరచు వింటున్నాం. ఒడిశాలోని గంజాం జిల్లావాడిగా నాకూ ఆశే. అయితే మన దగ్గర ఏ పీచుతో మొదలుపెట్టాలో, దాన్ని ఏ వస్తువులో కలపాలో తేల్చకుండా పరుగు తీస్తే ఆ లాభం రైతు గడప తొక్కదు.

మొక్కల పీచును రసాయనాలతో శుభ్రం చేసి, యంత్రాల్లో చీల్చుకుంటూ పోతే చివరికి మిగిలే అతిసన్నని పోగులే నానోసెల్యులోజ్. వాటి మందం కొన్ని నానోమీటర్లే. అందులోని స్ఫటికాల బిగువు 100 గిగాపాస్కళ్లు దాటుతుంది. గ్లాస్ ఫైబర్ 70 దగ్గర ఆగుతుంది, పైగా బరువెక్కువ. అందుకే ప్లాస్టిక్‌కు బలమిచ్చే పోగుగా దీనికింత గిరాకీ. క్యోటో విశ్వవిద్యాలయం ముందుండి చేయించిన నానోసెల్యులోజ్ కారును 2019 టోక్యో మోటార్ షోలో ప్రదర్శించారు. మన దేశంలోనూ ముంబయిలోని పత్తి పరిశోధన సంస్థ సిర్కాట్ 2015లోనే ప్రయోగాత్మక కర్మాగారం పెట్టింది.

ఇక్కడ అందరి చూపూ అస్కా చక్కెర మిల్లు చెరకు పిప్పి మీదే. పిప్పిలో సెల్యులోజ్ బాగానే ఉంటుంది, కాదనను. కానీ మిల్లు బాయిలర్‌కు ఆ పిప్పే వంటచెరకు. దాన్ని లాక్కుంటే ఆ స్థానంలో బొగ్గు పడుతుంది. ఇక పర్యావరణానికి ఒరిగేదేమిటి?

మొగలి సంగతి వేరు. ఛత్రపురం, రంగైలుండ, చికిటి వైపు పొలం గట్ల మీద మొగలి పొదలే. దేశంలో మొగలిపూలతో తయారయ్యే కేవ్డా అత్తరులో అధిక భాగం గంజాం భట్టీలదే. ఈ పువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ పరిమళం మగపువ్వుదే కాబట్టి ఆడ పొదను భట్టీవాళ్లు పట్టించుకోరు. ఆకుకు మాత్రం ఆ భేదం లేదు. అందులో గట్టి పీచుంది. కేరళలో ఈ ఆకులతోనే చాపలు అల్లుతారు. పూల కాలం పోయాక రైతుకు ఆకు మీద నాలుగు రూపాయలు వస్తే చేదా?

పొదలు నరికేస్తే తీరం బోడిదైపోదా అని అడగవచ్చు. న్యాయమైన భయమే. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఇసుకను పట్టి ఉంచే పొదను ముట్టకూడదు. గట్ల మీది పొదల కింది ముదురాకులే కోయాలి. ఈ నియమం మొదటిరోజు నుంచే ఉండాలి.

మత్స్యకారుల ఫైబర్ పడవల్లో దీన్ని వాడదామన్న సూచన కూడా విన్నాను. ఇప్పుడే వద్దు. నానోసెల్యులోజ్ నీటిని పీల్చుకుంటుంది, తేమ చేరితే రెసిన్‌తో పట్టు సడలుతుంది. గోపాలపూర్ తెలుగు జాలర్లు ప్రాణాలు ఒడ్డి ఎక్కే పడవ మీద ప్రయోగాలేమిటి? నీరు తగలని చోట, అంటే ప్యాకింగ్ అట్టలు, ట్రేలు, గోడ పలకల వంటి వాటితో మొదలుపెట్టాలి.

మరో చిక్కుంది. ఈ పోగులు ఆరితే ముద్దకట్టి మళ్లీ విడివడవు. అందుకే సాధారణంగా పల్చని జావలాగే ఉంచుతారు, అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. లారీల్లో నీళ్లు మోయడం ఎవరికీ గిట్టదు. కాబట్టి నూరే చోటూ వాడే చోటూ పక్కపక్కనే ఉండాలి. ఆకు మనది, కర్మాగారం పరాయి ఊరిది అయితే మనకు మిగిలేది కోత కూలే.

బరంపురంలో విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థ ఐసర్ ఉంది, బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. భువనేశ్వర్‌లో ఖనిజ, పదార్థ సాంకేతిక పరిశోధనా సంస్థ ఉంది. ఈ మూడూ కలిసి మొగలి ఆకు మీద ఒక చిన్న ప్రయత్నం చేసి, ఫలితాలు బహిరంగంగా ప్రకటించాలి. టన్ను ఆకుకు ఎంత పీచు వచ్చింది, ఎంత కరెంటు, ఎంత నీరు, ఎంత ఆమ్లం ఖర్చయింది, వాడిన ఆమ్లాన్ని ఎక్కడ వదిలారు, ఆకు కోసినవారికి కిలోకు ఎంత ముట్టింది అన్నవన్నీ చెప్పాలి. ఈ లెక్కలు చూపకుండా రాయితీ అడిగే ఏ కంపెనీకీ సర్కారు సెంటు భూమి కూడా ఇవ్వకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా