ఉక్కు సెంటుకు లక్షలు రావు

అమెరికా నుంచి వచ్చిన మనవాళ్లు 1943 నాటి తెల్ల సెంటు చూపించి, ఎన్ని లక్షలొస్తాయని అడుగుతుంటారు. నాణేలు పోగుచేసేవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెబుతాను. యుద్ధానికి రాగి కావలసి, ఆ ఏడాది ఉక్కు సెంట్లు వంద కోట్లకు పైగా అచ్చువేశారు. అరిగినది మామూలుగా డాలరు కూడా పలకదు. జింకు పూసిన రేకులోంచి బిళ్లలు కోయడంతో అంచుల్లో ఉక్కు బయటపడి తుప్పుపట్టేది. తళతళలాడేవాటిలో తర్వాత మళ్లీ పూత వేసినవి చాలా ఉన్నాయి. లక్షల డాలర్లు పలికేది పొరపాటున రాగి బిళ్లపై పడిన 1943 ముద్ర. అవి అతి కొద్ది. రాగి రంగులో ఉన్న 1943 సెంటు అయస్కాంతానికి అతుక్కుంటే అది రాగిపూత వేసిన ఉక్కే. అతుక్కోకపోయినా నమ్మకండి, 1948లోని 8ని గీకి 3 చేసేవాళ్లున్నారు. నిపుణుడికి చూపించకుండా డబ్బు కట్టకండి. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం రుద్ది తోమకండి, దాచుకోండి.