చట్టం వస్తే మంచిదే.. మరి ఇంట్లో ఫోన్ ఒకటే అయితే?

పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండొద్దంటూ ఆస్ట్రేలియా తెచ్చిన చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్‌తో కలిపి పది వేదికలు దీని పరిధిలో ఉన్నాయి. నెల తిరిగేసరికి, 2026 జనవరిలో, అలాంటి చట్టం గురించి తామూ ఆలోచిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ చెప్పారు. ఆ మాట విన్న చాలామంది తల్లిదండ్రులకు ప్రాణం లేచొచ్చింది. సర్కారే బంద్ చేస్తే ఇంట్లో రోజూ ఈ గొడవ ఉండదు కదా అని. ఆ ఆశలో ఎంత నిజముందో చూద్దాం.

ముందు ఆ చట్టంలో ఉన్న మంచి మాట చెప్పుకోవాలి. అక్కడ జరిమానా పిల్లలకు లేదు, తల్లిదండ్రులకూ లేదు. కంపెనీలకే. అదీ 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. అంటే తప్పు పిల్లాడి బుద్ధిలో మాత్రమే లేదు, ఆ యాప్ తయారైన తీరులో కూడా ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

ఒక వ్యాపారం అర్థం కావాలంటే దాని ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీకి 2024లో వచ్చిన ఆదాయం 164 బిలియన్ డాలర్ల పైమాటే. అందులో 97 శాతం ప్రకటనలదే. మనం యాప్‌కి పైసా కట్టం. మనం చూసే ప్రతి నిమిషాన్నీ వాళ్లు ప్రకటనదారులకు అమ్ముకుంటారు. దుకాణంలో సరుకు మన టైమే అన్నమాట. అందుకే రీల్ అయిపోగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. ఎక్కడా "ఇక చాలు" అనే గీత ఉండదు.

ఇక మన దగ్గరికి వద్దాం. అక్కడి చట్టం ఖాతా ఎవరిదో చూస్తుంది. మన ఇళ్లలో చాలాచోట్ల పిల్లలకు వేరే ఖాతానే ఉండదు. అమ్మీ ఫోన్, అమ్మీ నంబర్, అమ్మీ యూట్యూబ్. చూసేది మాత్రం ఏడో తరగతి పిల్లాడు. కంపెనీ లెక్కలో వాడు నలభై ఏళ్ల మహిళ! 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కానీ ఆ ఓటీపీ వచ్చే ఫోన్ కూడా పిల్లాడి చేతిలోనే ఉంటే అనుమతి ఇచ్చేదెవరు? చట్టం రావాల్సిందే, కంపెనీల మెడలు వంచాల్సిందే. అయితే ఒకే ఫోన్ నలుగురు వాడే ఇంటి గడప దాకా అది రావడం కష్టం.

పోనీ ఫోనే వద్దందామా? అదీ కుదరదు. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. కడప, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఎన్నో కుటుంబాల్లో అబ్బా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఆ వీడియో కాల్ లేకపోతే పిల్లలకు తండ్రి ముఖం కనపడేది రెండేళ్లకోసారే. గ్రామీణ విద్యపై వచ్చిన అసర్ 2024 నివేదిక ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడామన్నది వాళ్లలో 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నది 76 శాతం. చదువుకీ సరదాకీ సాధనం ఒక్కటే కాబట్టి లాక్కుంటే రెండూ పోతాయి.

ఇక్కడ మనం మాట్లాడుకోని విషయం ఒకటుంది. ఫోన్ మీద ఆంక్ష అనగానే చాలా ఇళ్లలో అది ఆడపిల్ల మీదే పడుతుంది. అక్క ఫోన్ సాయంత్రానికే బీరువాలోకి వెళ్తుంది. తమ్ముడు మాత్రం దుప్పటి కింద రెండింటి దాకా గేమ్ ఆడుతుంటాడు. అడిగితే "మగపిల్లాడు కదా" అంటారు. నిద్ర చెడితే ఇద్దరికీ చెడుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి మరీ నిషేధించింది. ఆ ఊబిలో దిగింది ఎక్కువగా మగపిల్లలేనన్నది మన వీధుల్లో అందరికీ తెలిసిన ముచ్చటే. నియమం ఒకరికే పెడితే అది శిక్ష అవుతుంది. అందరికీ పెడితేనే అలవాటు అవుతుంది.

అందరికీ అంటే పెద్దలకు కూడా. ముందు లెక్క తీయండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిస్తే ఏ యాప్‌కి ఎంత సేపు పోయిందో కనిపిస్తుంది. రోజుకి మూడు గంటలైతే ఏడాదికి 1,095 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి 45 రోజులు. ఇంట్లో అందరూ తమ లెక్క బయటపెడితే "నువ్వంటే నువ్వు" అనే వాదన సగం ఆగిపోతుంది.

ఆ తర్వాత చేయాల్సినవి చిన్నవే. కాల్స్, కుటుంబ మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆఫ్ చేయండి. పిల్లలకు ఫ్యామిలీ లింక్‌తో వేరే ఖాతా తెరిచి సమయం పెట్టండి. అబ్బా కాల్‌కి ఒక వేళ ఖాయం చేసుకుంటే, కాల్ వస్తుందేమోనని ఫోన్ రోజంతా చేతిలో పెట్టుకోవాల్సిన పని ఉండదు. దస్తర్‌ఖాన్ పరిచాక ఫోన్లన్నీ పక్క గదిలోకి. ఇషా తర్వాత ఒక వేళ పెట్టుకుని చార్జర్లన్నీ హాల్లోనే ఉంచండి. ఫజర్‌కి లేవడానికి అలారం కావాలంటే గడియారం కొనుక్కోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు. మూడేళ్ల పాపకు అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చే ఇళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఫోన్ తీసుకుంటే పిల్లాడు తిండి మానేయడం, బడికి పోనని మొరాయించడం, తనను తాను గాయపరుచుకోవడం దాకా వస్తే కొట్టకండి, దాచకండి. టెలీ మానస్ ఉచిత నంబర్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఇలాంటి సమస్య కోసమే 2014లో ప్రత్యేక క్లినిక్ తెరిచింది. అంటే ఇది పెంపకంలో లోపం వల్ల మీ ఒక్క ఇంటికే వచ్చిన అవమానం కాదు, చికిత్స ఉన్న సమస్య.

చట్టం ఎప్పుడొస్తుందో సర్కారు ఇష్టం. హాల్లో చార్జర్ పెట్టడానికి మాత్రం ఏ అసెంబ్లీ అనుమతీ అక్కర్లేదు. అందులో ముందు పెట్టాల్సింది అమ్మీ, అబ్బా ఫోన్లు.