ఆ బిళ్లను తూకానికి వేయకండి

వెండి ధర ఎగబాకినప్పుడల్లా ఇళ్లలో ట్రంకుపెట్టెలు తెరుచుకుంటాయి. తెగిన పట్టీలు, సొట్టపోయిన కుంకుమభరిణెలతో పాటు ఒక్కోసారి ఓ గుండ్రటి బిళ్ల కూడా కొట్టుకు చేరుతుంది. ఒకవైపు ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రమెక్కిన దిగంబరుడు, 1914, 1918 అంకెలు. అది మొదటి ప్రపంచయుద్ధ పతకం. మూడు తులాలకు అటూ ఇటూగా తూగుతుంది. షరాబు గీటు పెట్టి చూసి, పాత రూపాయల పళ్లెంలో పడేస్తాడు. ఆ పళ్లెంలో పడకముందే దాని అంచు ఒకసారి వేలితో తడమండి. సన్నటి అక్షరాలు తగులుతాయి. నంబరు, హోదా, పేరు, పటాలం. తాత ఆ పటాలంలో పనిచేశాడనడానికి ఇంట్లో మిగిలిన రుజువు చాలాసార్లు అదొక్కటే.

కూలీ దళాలవాళ్లకు ఇదే పతకాన్ని వెండిలో కాక కంచులో పోసి ఇచ్చారు. దాన్ని తూకానికి అమ్మితే వచ్చేదేమీ లేదు. అందుకే అది ఇత్తడి సామానులో కలిసిపోయి, ప్రతి పండక్కీ చింతపండు దెబ్బ తింటూ అంచున ఉన్న పేరును పోగొట్టుకుంటోంది.

పేరు కాగితానికి ఎక్కితే ఏమవుతుందో, ఎక్కకపోతే ఏమవుతుందో రెండో ప్రపంచయుద్ధంలో రెండు చోట్ల చూడొచ్చు. మన హైదరాబాదువాడు కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ ఏడో రాజపుత్ పటాలం అధికారి. 1941 క్రిస్మస్ నాడు హాంకాంగ్ జపాన్ వశమైనప్పుడు బందీ అయ్యాడు. బ్రిటిష్ విధేయత వదులుకుని తోటి భారతీయ జవాన్లను తమవైపు తిప్పమని జపాన్‌వాళ్లు ఒత్తిడి చేశారు. కాదన్నాడు. పస్తులు పెట్టారు, హింసించారు. కోలుకున్నాక బందీలు తప్పించుకునే ప్రయత్నాలకు సాయపడ్డాడు. మళ్లీ పట్టుబడ్డాడు. 1943 అక్టోబరు 29న మరో ముప్పై మందికి పైగా బందీలతో పాటు చంపేశారు. 1946లో జార్జి క్రాస్ పతకం ప్రకటించారు. స్టాన్లీ సైనిక శ్మశానంలో ఆయన పేరుతో రాయి ఉంది. ఇదంతా నమోదైంది కనుక మనకు తెలుసు. పై అధికారి సిఫారసు లేనిదే పతకం లేదు, ఆ సిఫారసుకు చూసినవాళ్లు బతికి ఉండాలి. పైగా మిలిటరీ క్రాస్, మిలిటరీ మెడల్ వంటివి ఆ రోజుల్లో చనిపోయినవాళ్లకు ఇచ్చేవారే కాదు. చెరలో కన్నుమూసిన మామూలు జవాను తెగువ ఎన్నిచోట్ల ఎవరి దృష్టికీ రాకుండా పోయిందో ఊహించుకోవచ్చు.

ఇక రెండోది సయాం (నేటి థాయిలాండ్) రైలుమార్గం. 415 కిలోమీటర్లు, 1942-43లో జపాన్ వేయించింది. అక్కడ చనిపోయిన మిత్రరాజ్యాల బందీల లెక్కను తోటి బందీలే దొంగచాటుగా రాశారు, కొన్నిచోట్ల ఆ కాగితాలను సమాధుల్లోనే దాచారు. 1945లో యుద్ధం ముగియగానే ఒక బృందం లైను పొడుగునా తిరిగి పదివేలకు పైగా సమాధులు గుర్తించింది. అక్కడి కాంచనబురిలో ఈరోజు కనిపించే సమాధుల వరుసల వెనక ఉన్నది ఆ రాతే. అదే లైను మీద మలయా తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలు వేలల్లో రాలిపోయారు. ఆసియా కూలీల మరణాలు తొంభై వేలన్నది ఒక అంచనా. అంచనా తప్ప జాబితా లేదు. వాళ్లకు పేరుపేరునా రాయి లేదు.

యుద్ధ సమాధులు చూసే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో పుట్టినప్పుడు హోదా, జాతి తేడా లేకుండా అందరినీ ఒకేలా స్మరిస్తామంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ అధికారుల పేర్లే చెక్కి, జవాన్లను పటాలం కింద అంకెలుగా సరిపెట్టింది. మొదటి యుద్ధంలో చనిపోయిన కనీసం 1,16,000 మంది, బహుశా మూడున్నర లక్షల మంది, ఆసియా, ఆఫ్రికావాసుల పేర్లు స్మారకాలకు ఎక్కలేదని కమిషన్ నియమించిన కమిటీయే 2021లో తేల్చింది. ఆధారం చూపితే ఇప్పటికీ పేరు చేరుస్తారు. ఆ ఆధారం లండన్‌లో లేకపోతే జవాన్ల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరంలోనో, మీ అటక మీదో ఉండాలి.

కనుక పతకాన్ని తోమకండి, కరిగించకండి. అంచు మీద అక్షరాలకు పక్కవెలుతురులో ఫొటో తీయండి. పింఛను పుస్తకం, డిశ్చార్జి కాగితం, మరణవార్త తెచ్చిన తంతి చిరిగి ఉన్నా సరే లామినేషన్ చేయించకండి. పేరు వెతికిపెడతాం, పరిహారం ఇప్పిస్తాం అంటూ డబ్బడిగే దళారికి అసలు కాగితాలు ఇవ్వకండి. కమిషన్ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకూ ఒక మాట: తెచ్చిచ్చిన కాగితానికి నకలు తీసి భద్రపరచడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఒక చిక్కుంది. ఆ జాబితాల్లో మన పేర్లు ఇంగ్లిషు చెవికి వినబడినట్టు రాసుకున్నవి. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. పదిమంది నరసయ్యల్లో మీ నరసయ్య ఎవరో తేలాలంటే తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా కావాలి. అవి చెప్పగలిగింది ఇంట్లో తొంభై దాటిన అవ్వ ఒక్కతే. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అడుగుదాంలే అనుకోకండి. ఫోన్ ఇవాళే చేయండి.