నీళ్లు సిద్ధమయ్యేదాకా ఆగుదాం

గద్వాలలో ఉప్పునీటి అక్వేరియం పెట్టిన మూడో రోజే రెండు క్లౌన్ ఫిష్‌లు వదిలాను. వారం తిరగకముందే రెండూ పోయాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి! తప్పంతా నా తొందరదే.

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. రెండోసారి ఆర్ఓ నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ అక్వేరియం ఉప్పు కలిపా (వంటింటి ఉప్పు పనికిరాదు). చేపల్లేకుండానే చిటికెడు మేత వేస్తూ, రోజూ టెస్ట్ కిట్ రీడింగ్ నోట్‌బుక్‌లో రాశా. అమ్మోనియా పెరిగి తగ్గింది, ఆ తర్వాత నైట్రైట్. రెండూ సున్నాకి వచ్చాకే చేపలొచ్చాయి.

'మన దగ్గర సముద్రమే లేదు, ఇదెందుకు?' అంటారా? నీటిని తిప్పి వాడే ఆర్ఏఎస్ చేపల యూనిట్లలో బయోఫిల్టర్ నడిచేదీ ఈ సూత్రం మీదే. వనపర్తి జిల్లా పెబ్బేరులోనే మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. బైపీసీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాన్ని ఎంబీబీఎస్ రానివాళ్ల చదువుగా చూడకండి. ఇక నాలాంటి ఇంజినీర్లు ఇంటర్వ్యూలో 'నాకు ఓపిక ఎక్కువ' అనే బదులు, అలాంటి నోట్‌బుక్ ఒకటి బల్లమీద పెట్టి చూడండి.