నాయన పాదం, అక్క అడిగిన ప్రశ్న

సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు ప్రేమ గురించో, నిరుద్యోగం గురించో రాద్దామనుకున్నాను. ఆ రెండింటి మీదా రాసేవాళ్ళు ప్రతి ఏడూ ఉండనే ఉంటారు గనక, పరీక్షల గురించి రాస్తున్నాను. అదీ నేను ఎన్నడూ రాయబోని ఒక పరీక్ష గురించి. లెక్చరర్లు చివరిదాకా చదివిన తర్వాతే కోప్పడాలని ముందే మనవి.

మా పెద్దమ్మ కూతురు ఫిజియోథెరపీ చదివింది. అమెరికాలో ఆ వృత్తి చెయ్యాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష ఒకటి గట్టెక్కాలి. 225 ప్రశ్నలు, అయిదు గంటలు. అందులో 45 ప్రశ్నలకు మార్కులు లేవు, అవి ముందు ముందు వాడుకోవడానికి సరిచూసుకునేవి. అవి ఏవో మాత్రం రాసేవాడికి తెలియదు! 200 నుంచి 800 దాకా ఉండే స్కేలు మీద 600 వస్తే పాసు. జన్మలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు. మనవాళ్ళు సెప్టెంబరు, మార్చి, మళ్ళీ సెప్టెంబరు అంటూ దండయాత్రలు చేసినట్టు అక్కడ కుదరదన్నమాట.

అక్క పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్ళు చదివేది. ఆ చదివే పద్ధతి నాకు మొదట్లో వింతగా తోచింది. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడమనే మాటే లేదు. ఒక ప్రశ్న తీసుకుంటుంది. రోగి వయసు ఇంత, ఫలానా పని చేస్తాడు, ఫలానా బాధతో వచ్చాడు, మొదట నువ్వేం చేస్తావు? కింద నాలుగు జవాబులు. ఏది సరైందో గుర్తుపట్టి ఊరుకోదు. తక్కిన మూడూ ఎందుకు కావో ఒక నోటుబుక్కులో రాస్తుంది. ఒక్కోసారి నాలుగూ చెయ్యదగ్గ పనులే అయివుంటాయి. వాటిలో ఏది ముందు అన్నదే అసలు ప్రశ్న. "ఇదేం చదువక్కా, రాత్రంతా కూర్చుంటే పది ప్రశ్నలు కూడా కాలేదు" అని నవ్వేవాణ్ణి.

ఆ నవ్వు నాకు మా ఇంట్లోనే తిరిగి తగిలింది.

మాది చెనక్కాయ పండే ఊరు. చెట్టు పీకిన తర్వాత కుప్పల దగ్గర గొంతుక్కూర్చుని కాయలు తెంపుతారు. ఆ ఏడు కూలివాళ్ళు దొరక్క అమ్మా నాయనా ఇద్దరే పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా అలా కూర్చుని తెంపారు. అయిదోరోజో ఆరోరోజో నాయన లేచి నడవబోతే కుడికాలి చెప్పు జారిపోయింది. జారినట్టు ఆయనకు తెలియను కూడా లేదు. మర్నాటికి పాదం ముందుభాగం పైకి లేవడం మానేసింది. వేళ్ళు నేలకు తట్టుకోకుండా మోకాలు పైకెత్తి, బురదలో కొంగ నడిచినట్టు నడవసాగాడు. తిమ్మిరే, సర్దుకుంటుందని రెండ్రోజులు చూశాం.

తర్వాత పట్నంలో ఒకచోటికి తీసుకుపోయాను. నడుములో నరం నొక్కుకుందన్నారు. నడుం నొప్పి ఉందా అని అడిగారు, లేదన్నాడు. లేకపోయినా అదేనన్నారు. నడుముకు బెల్టు కట్టారు, పన్నెండు రోజులు రోజూ ట్రాక్షన్ పెట్టారు. రానూపోనూ బస్సు చార్జీలు, ట్రాక్షన్ డబ్బులు, తెంపకుండా మిగిలిన కుప్ప. వీటన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. గొంతుక్కూర్చోవద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ట్రాక్షన్ అయి ఇంటికి రాగానే మిగిలిన కాయలు తెంపడానికి మళ్ళీ అలాగే కూర్చునేవాడు.

కార్తీకమాసంలో అక్క మా ఊరికి వచ్చింది. నాయన నడక చూసి, మంచం మీద కూర్చోమని, మడమ చేతిలో పట్టుకుని, "చిన్నాయనా, పాదం కిందికి వంచే ఉంచి, నా చేతిని నెడుతూ లోపలికి తిప్పు" అంది. నాయన తిప్పాడు. మంచి బలంగా తిప్పాడు. "ఇప్పుడు బయటికి" అంది. రాలేదు. పక్కకు పడుకోబెట్టి కాలు మొత్తం పైకెత్తమంది. ఎత్తాడు. మోకాలి కింద, బయటివైపు ఎముక మీద వేలితో తట్టింది. నాయన ఉలిక్కిపడి, "పాపా, పాదం మీదికి జివ్వుమంటాండాది" అన్నాడు.

"ఇది నడుములోది అయివుండదు. నరం ఇక్కడ నలిగింది" అంది అక్క.

విషయం ఇదీ. పాదాన్ని పైకెత్తే కండరాలకు పోయే నరం నడుం దగ్గర మొదలై తొడ వెనకగా దిగుతుంది. మోకాలికి కాస్త పైన రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ ఫిబులా అనే సన్నటి ఎముక మెడను చుట్టుకుని ముందుకు వస్తుంది. అక్కడ దాని మీద చర్మం తప్ప పెద్ద కప్పు ఏమీ ఉండదు. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే నలిగిపోయేది అక్కడే. పాదాన్ని లోపలికి తిప్పే ముఖ్యమైన కండరానికి మాత్రం నరం రెండో పాయలోంచి వస్తుంది. నడుములోని ఎల్-5 వేరు దెబ్బతింటే సాధారణంగా రెండూ బలహీనపడతాయి, తుంటి పక్క కండరం కూడా తగ్గుతుంది. మోకాలి దగ్గర దెబ్బతింటే లోపలికి తిప్పే బలం నిలిచే ఉంటుంది. ఇంతే. ఒక్క నిమిషం పరీక్ష, ఖర్చు లేదు. తర్వాత పెద్దాసుపత్రిలో నరాల పరీక్ష చేసి అదే మాట చెప్పారు. పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. గొంతుక్కూర్చోవద్దని, కాలు మీద కాలు వేసుకోవద్దని చెప్పారు. మూడో నెలలో బొటనవేలు లేచింది.

అక్క నోటుబుక్కు తిరగేస్తే ఒక పేజీలో ఈ ప్రశ్నే ఉంది. ఆమె మొదట తప్పు జవాబే పెట్టిందట. నడుమనే పెట్టి, ఎందుకు తప్పో కింద ఎర్రసిరాతో రాసుకుంది.

ఇక నా సంగతి. నరంలో ప్రేరణ ఎలా ప్రసరిస్తుందో పది మార్కుల వ్యాసం, పటంతో సహా, నేను రాసినట్టు మా సెక్షన్లో ఎవరూ రాయలేదని పేరు. ఆ పేపరు రాసిన నెల తిరక్కుండానే నాయన్ను పన్నెండు రోజులు బస్సెక్కించి ట్రాక్షన్‌కు తిప్పింది నేనే. సోడియం, పొటాషియం అన్నీ నాకు తెలుసు. ఆ నరం నాయన కాల్లో ఉందని తోచలేదు. మన ప్రశ్నపత్రం 'వివరింపుము' అంటుంది, 'భాగములు గుర్తింపుము' అంటుంది. 'ఈ మనిషి ఇలా నడుస్తున్నాడు, ఎక్కడ వెతుకుతావు?' అని ఒక్కసారైనా అడగదు.

అమెరికా పరీక్ష అనగానే చేతులు జోడించమని నేను అనడం లేదు. దానికీ గైడ్లున్నాయి, దాన్నీ బట్టీ పట్టారు. ప్రశ్నలు గుర్తుపెట్టుకుని బయటికి వచ్చి పోగుచేసి పంచుకుంటున్నారని 2010 జూలైలో ఆ పరీక్ష జరిపే సంస్థ ఇండియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్ట్ దేశాల్లో చదివినవాళ్ళందరికీ పరీక్ష ఆపేసింది. నిజాయితీగా చదివినవాళ్ళూ ఆ దెబ్బకు గురయ్యారు. ఎవరో చేసిన తప్పుకు దేశాల పేరుతో శిక్ష వెయ్యడం అన్యాయమనే నా అభిప్రాయం. అయినా మనకు సంబంధం లేదని చేతులు దులుపుకోగలమా? 'ఇంపార్టెంటు క్వశ్చన్లు' అనే మాట వినపడని హాస్టల్ గది మనకు ఎక్కడుంది?

మన దేశంలో 2021లో చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో దేశమంతటికీ ఒకే రకమైన ఎగ్జిట్ లేదా లైసెన్సు పరీక్ష అనే మాట ఉంది. పెడితే మంచిదే. అందులో కూడా 'సయాటికా గురించి వ్యాసము వ్రాయుము' అని అడిగేట్టయితే మాత్రం, మా నాయన లాంటివాళ్ళ బస్సు చార్జీలు ఏమీ తగ్గవు.

మన కాలేజీ మట్టుకు నేను అడిగేది చిన్నది. ప్రతి ఇంటర్నల్ పరీక్షలో ఒక్క ప్రశ్న, అయిదు మార్కులే గానీండి, ఇలాంటిది ఇవ్వండి. జువాలజీకి మనిషి నడక, బాటనీకి చేనులో పండాకు, కెమిస్ట్రీకి మా ఊరి ఉప్పు నీళ్ళ బోరు. అలాంటి ప్రశ్న తయారుచెయ్యడం వ్యాసం అడగడమంత సులువు కాదని, దిద్దడం మరీ కష్టమని ఎరుగుదును. అక్క లాగా తక్కిన జవాబులు ఎందుకు తప్పో కూడా రాయమంటే మేము గోల చేస్తామనీ ఎరుగుదును. ఆ గోల చేసేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే కావచ్చు. యూనియన్ మిత్రులు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే కోరికల జాబితాలో క్యాంటీను ధరల కింద దీనికొక వరుస కేటాయిస్తే సంతోషిస్తాను.

ఈ ఏడు చెనక్కాయ తెంపేటప్పుడు నాయన పీట వేసుకుని, కాలు చాపుకుని కూర్చున్నాడు. కుప్ప చుట్టూ ఉన్న కూలి ఆడవాళ్ళను గంటకోసారి లేచి నాలుగడుగులు వేసి రమ్మని కేకలేస్తున్నాడు. "కూలి ఇచ్చేది కూర్చోడానికా, తిరగడానికా సామీ?" అని వాళ్ళు నవ్వుతున్నారు. అయినా లేచి తిరిగి వస్తున్నారు.