కోడీన్ దగ్గు మందు
నల్లమందు జాతికి చెందిన కోడీన్ దగ్గుకు కారణమైన జబ్బును నయం చేయదు. మెదడులో దగ్గును పుట్టించే కేంద్రాన్ని మందగింపజేస్తుంది, అంతే. పొడి దగ్గుతో రాత్రిళ్లు నిద్రపట్టని పెద్దవారికి డాక్టరు నాలుగు రోజులకు రాస్తే అర్థముంది, అదీ ఫలితం అంతంతమాత్రమే. కఫం పడే దగ్గుకు వాడితే బయటికి రావలసింది లోపలే నిలిచిపోతుంది. ఫెర్రో అల్లాయ్స్ కొలుముల ఊరు గరివిడిలో ఈ తేడా తెలియడం అవసరం: దుమ్ము వల్లనో క్షయ వల్లనో వారాల తరబడి వదలని దగ్గుకు ముందు కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. అసలు ప్రమాదం కాలేయంలో మొదలవుతుంది. అక్కడ కోడీన్‌లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది. పుట్టుకతోనే ఆ మార్పు అతివేగంగా జరిగేవారికి మామూలు మోతాదే శ్వాసను అణచివేయగలదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో 18 ఏళ్లలోపు వారికి ఈ సిరప్‌లు వద్దంది. పాలిచ్చే తల్లులకూ తగదు. మద్యం, నిద్రమాత్రలు తోడైతే మరీ ముప్పు. మలబద్ధకం సరేసరి, మత్తుకు అలవాటుపడితే వదిలించుకోవడం కష్టం. మన దేశంలో 2014 నుంచి కోడీన్ షెడ్యూల్ హెచ్1 మందు: డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మకం వివరాల రిజిస్టరు మూడేళ్లు దాచాలి. క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన సిరప్‌ను కేంద్రం 2016లో నిషేధించినా, వ్యవహారం కోర్టుల్లో నలిగి 2023 జూన్‌లో మళ్లీ నిషేధించవలసి వచ్చింది. ఇంత జాప్యం సమర్థించుకోదగినది కాదు. సిరప్ తాగినవారు లేపినా లేవకుండా, ఊపిరి నెమ్మదించి, పెదవులు నీలిబారితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. విరుగుడుగా నాలోక్సోన్ ఇంజెక్షన్ ఉంది.