పుట్టిన నెలలో దోషముందా?

ప్రశ్న: మా మనుమడు కార్తీకంలో పుట్టాడు. రెండేళ్ళు నిండాయి. ఇంకా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటాడు. ఆటిజమేమోనని భయంగా ఉంది. పుట్టిన కాలాన్నిబట్టి అది వస్తుందని ఎక్కడో చదివి, మా అమ్మాయిని అత్తవారు ‘నెలలు చూసుకోవద్దూ!’ అని దెప్పుతున్నారు. ఇది నిజమా?

జవాబు: వారు చదివినదానిలో రవ్వంత నిజం లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1990 నుంచి 2002 వరకు పుట్టిన సుమారు 72 లక్షల మంది పిల్లల లెక్కలు పరిశీలించి, ఫలితాలను 2011లో ప్రకటించారు. చలికాలంలో కడుపున పడ్డవారిలో, వేసవిలో పడ్డవారికంటె ఆటిజం 6 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే నూటికి ఆరుగురని అనుకునేరు! ఆ పిల్లలందరిలో ఆటిజం ఉన్నవారు పదివేలకు సుమారు 27 మంది. చలికాలం వల్ల వచ్చిన తేడా పదివేలకు ఒకరో ఇద్దరో, అంతే. దానికి శీతకాలపు జ్వరాలు కారణమా, ఎండ తగలకపోవటమా అని పరిశోధకులు ఊహించారే గాని తేల్చలేదు. ఇంత చిన్న తేడానుబట్టి ఏ ఒక్క బిడ్డ సంగతీ చెప్పటానికి వీల్లేదు. పైగా అక్కడి చలి వేరు, మన చలి వేరు.

తల్లిని నిందించటం మాత్రం కొత్త కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం, తల్లి ప్రేమగా చూడకపోవటం వల్లనే బిడ్డ ఇలా అవుతాడని చదువుకున్న వైద్యులే నమ్మారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడికి ఇలాంటి కొడుకే ఉండేవాడు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదే గాని పెంపకంలో లోపం కాదని ఆయన 1964లో పుస్తకం రాశాడు. తర్వాతి పరిశోధనలన్నీ ఆ మాటనే బలపరిచాయి. ఇందులో వంశపారంపర్యానికే పెద్ద పాలు. అది తండ్రి వైపునుంచీ రావచ్చు, తల్లి వైపునుంచీ రావచ్చు.

ఇకపోతే, మీ మనుమడికి ఉన్నది ఆటిజమేనని ఉత్తరం చూసి చెప్పటం సాధ్యం కాదు. చెవుడు ఉన్నా బిడ్డ పిలిస్తే పలకడు. అంచేత ముందు పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. సికిందరాబాదు మనోవికాసనగర్‌లో 1984లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇలాంటి పిల్లలను అక్కడ పరీక్షిస్తారు. మాట, ఆట, తమ పని తాము చేసుకోవటం ఎలా నేర్పాలో తల్లిదండ్రులకు చెబుతారు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యం, మూడో ఏడు వెళ్ళనీండి’ అనేవారి మాట వినకండి. ఈ వారంలోనే తీసుకువెళ్ళండి. అమ్మాయిని ఒంటరిగా పంపకుండా, అల్లుడుగారిని కూడా వెంట వెళ్ళమనండి.